బాత్‌రూంలో జారిపడింది

2012 నుంచి 2014 వరకు నేను ముంబైలో మా బ్యాంకు ప్రాంతీయ కార్యాలయంలో, సిబ్బంది విభాగంలో పనిచేశాను. ఉద్యోగుల ఆసుపత్రి బిల్లులు నా బల్ల మీదికే వచ్చేవి. డాక్టరు చీటీ ఉందా, మందుల రసీదులు జతపరిచారా, కూడిక సరిపోయిందా, గది అద్దె పరిమితి దాటిందా, ఇవి చూసి సంతకం పెట్టేవాణ్ణి. ఆ రెండేళ్లలో ఒక క్లర్కు తన భార్య వైద్యానికి మూడు బిల్లులు పెట్టాడు. మొదటిది ఎడమ చేతి మణికట్టు విరిగినందుకు, రెండోది పక్కటెముకలకు, మూడోది కనుబొమ్మ మీద ఆరు కుట్లకు. మూడింటిలోనూ కారణం ఒకటే రాసి ఉంది. బాత్‌రూంలో జారిపడింది.

మూడు వేర్వేరు నర్సింగ్‌హోములు, ముగ్గురు వేర్వేరు డాక్టర్లు. మూడు బిల్లులనూ పాస్ చేసింది మాత్రం నేనొక్కణ్ణే. మూడోది వచ్చిన రోజు పక్క సీటాయనతో "వాళ్లింట్లో ముందు ఆ బాత్‌రూం బండలు మార్పించాలండీ" అని హాస్యమాడాను కూడా. ఒక ఖాతాలోంచి ఒకే కారణం చూపి మూడుసార్లు డబ్బు బయటికి పోతే అదేమిటని ఆరా తీసే ఉద్యోగం నాది. ఇక్కడ మాత్రం ఆరా తీయాలని తోచలేదు.

అతను మనవాడే. వాళ్ల తాతగారు కరీంనగర్ వైపు నుంచి బట్టల మిల్లులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మనవడు మరాఠీ బడిలో చదివాడు. పెళ్లి దగ్గరికి వచ్చేసరికి మాత్రం సొంత ఊరి వైపు నుంచే పిల్లను తెచ్చారు. మన కుటుంబాల్లో ఇది మామూలే. పిల్లకు తెలుగు తప్ప మరో భాష రాదు. ఇరుగుపొరుగు మరాఠీ, బజారు హిందీ, ఆసుపత్రి సగం ఇంగ్లీషు. ఆమె ఒప్పుకున్న మీదటే ఈ సంగతి రాస్తున్నాను. పేర్లు రాయను. మనిషిని గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

2014 బతుకమ్మకు మా శ్రీమతి ఆమెను చూసింది. అందరూ వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే ఆ అమ్మాయి ఎడమ చెయ్యి పైకి లేవటం లేదట. "ఆ పిల్ల చెయ్యి సరిగ్గా అతుక్కోలేదండీ" అని ఇంటికొచ్చి చెప్పింది. ఆ చేతికి బిల్లు పాస్ చేశానని చెప్పాను. అంతటితో సరి.

మర్నాటి ఏడాది వానాకాలంలో ఒక రాత్రి నాలుగోసారి జరిగింది. రోడ్లన్నీ నీళ్లు. నర్సింగ్‌హోముకు వెళ్లే దారి లేక దగ్గరలోని మునిసిపల్ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు అడుగుతున్నాడు, భర్త మరాఠీలో సమాధానం చెబుతున్నాడు, ఆమె తల వంచుకుని కూర్చుంది. ముంబై ఆసుపత్రుల్లో ఆయాలను మావ్‌షీ అంటారు. అక్కడున్న మావ్‌షీ కామాటిపురాలో పుట్టి పెరిగిన తెలుగామె. ఆవిడ భర్తను కేసు పేపరు తీసుకురమ్మని కౌంటరుకు పంపింది. నర్సు తెర లాగింది. అప్పుడు ఆ మావ్‌షీ, "ఏమైంది బిడ్డా? ఎవరు కొట్టిన్రు?" అని అడిగింది.

"తెలుగుల అడిగింది అక్కా, గందుకే ఏడుపాగలే" అని ఆ అమ్మాయి తరువాత మా శ్రీమతితో చెప్పింది. అంతకుముందు ముగ్గురు డాక్టర్లలో ఏ ఒక్కరూ ఆమెను నేరుగా ఏమీ అడగలేదు. ఏమైందని అడిగింది ఆమె భర్తనే.

ఆ రాత్రి ఆమెను వార్డులో చేర్చుకున్నారు. మర్నాడు మన సంఘం పెద్దలు ఇద్దరు మా ఇంటికొచ్చారు. ఆసుపత్రి వాళ్లు ఏదో రాసేశారట, పోలీసుల దాకా పోతుందట, ఉద్యోగం పోతే ఇద్దరు పిల్లల గతేమిటి, మీరు పై అధికారి, మీరు చెబితే ఆ పిల్ల మాట మార్చుకుంటుంది అన్నారు. ఈ మాట దాచిపెట్టి వ్యాసం రాయడం బాగుండదు కనుక రాస్తున్నాను. నేను వెళ్లాను. ఆమె చేత మాట మార్పించడానికే వెళ్లాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

వార్డు తలుపు దగ్గర కౌన్సెలర్ ఒకామె, ముప్పై ఏళ్లుంటాయేమో, నా పేరూ పనీ అడిగి, "ఆమె మిమ్మల్ని చూడదలుచుకుందో లేదో కనుక్కుని వస్తాను" అంది. వచ్చి, "ఇప్పుడు వద్దంటోంది" అంది. నేను బెంచీ మీద ముప్పావుగంట కూర్చుని లేచి వచ్చేశాను. ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. పెద్దమనిషిని, బాగు చేయడానికి వచ్చినవాణ్ణి, గుమ్మం బయట కూర్చోబెడతారా అని. ఆ అమ్మాయిని చూడటానికి ఆ రెండు రోజుల్లో నాలాంటి శ్రేయోభిలాషులు ఇంకా నలుగురు వెళ్లారని తరువాత తెలిసింది.

ఆ కౌన్సెలర్ అక్కడ ఎలా ఉంది, ఎవరు పెట్టారు అని మెల్లగా తెలుసుకున్నాను. ముంబైలో సెహత్ అనే పరిశోధన సంస్థ, నగర పాలక సంస్థ ఆరోగ్య విభాగం కలిసి 2000-01 ప్రాంతంలో బాంద్రాలోని కె.బి. భాభా ఆసుపత్రిలో దిలాసా అనే కేంద్రాన్ని పెట్టాయి. ప్రభుత్వ ఆసుపత్రి లోపలే, దాని విభాగాల్లో ఒకటిగా, ఇంట్లో దెబ్బలు తినే స్త్రీల కోసం పెట్టిన కేంద్రం మన దేశంలో అదే మొదటిది. తరువాత కుర్లాలోని భాభా ఆసుపత్రిలో ఇంకొకటి వచ్చింది. కొన్నేళ్లకు జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ కింద ముంబైలో మరో 11 ఆసుపత్రులకు ఈ పద్ధతిని విస్తరించారు. కేరళలో 2009లో భూమిక పేరుతో జిల్లా ఆసుపత్రుల్లో ఇలాంటి కేంద్రాలే మొదలయ్యాయి.

దిలాసా మాట మనకూ ఉంది. "వాడికేం, దిలాసాగా తిరుగుతున్నాడు" అంటాం. మన నోట అది నిశ్చింత అయింది. హిందుస్తానీలో దాని అర్థం ఓదార్పు, ధైర్యం చెప్పడం.

ఆసుపత్రిలోనే ఎందుకు పెట్టారన్నది నాకు బాగా నచ్చిన విషయం. పోలీసు స్టేషన్‌కు వెళ్లిన స్త్రీని చూస్తే వీధంతా మాట్లాడుతుంది. పుట్టింటికి వెళితే అత్తవారు అడుగుతారు, మన ఆడపిల్లల విషయంలో ఆ పుట్టిల్లు రాత్రంతా బస్సు ప్రయాణం. "కడుపులో నొప్పిగా ఉంది, ఆసుపత్రికి పోయొస్తా" అంటే మాత్రం ఎవరూ ఏమీ అడగరు. బయటి రోగుల విభాగాల మధ్య ఇదీ ఒక విభాగం కావడం వల్ల ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్లడం ఎవరి కంటా పడదు. రాత్రికి ఇంటికి వెళితే ప్రమాదం అనుకుంటే పరిశీలన కోసమని ఒకటి రెండు రోజులు వార్డులోనే ఉంచుకుంటారు. ఆశ్రయం ఇచ్చామని అనరు. ఆసుపత్రికి మంచం కొత్త కాదు కదా.

అయితే గది పెట్టినంత మాత్రాన ఎవరూ రారు. పంపేవాళ్లు కావాలి. అందుకని డాక్టర్లతో పాటు నర్సులకూ ఆయాలకూ శిక్షణ ఇచ్చారు. దేన్ని చూసి అనుమానించాలో నేర్పారు. చెప్పిన కారణానికీ దెబ్బకూ పొంతన లేకపోవడం ఒకటి. బాత్‌రూంలో జారిపడిన మనిషికి ముంజేతి వెలుపలి వైపు కమిలిందంటే ఆ చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుందేమోనని చూడాలి. ఒకటి పాతబడి పసుపు రంగుకు తిరిగిన దెబ్బ, ఒకటి కొత్తది ఉంటే చూడాలి. దెబ్బలే కానక్కరలేదు. ఏ పరీక్షలోనూ తేలని తలనొప్పి, నడుం నొప్పి, నిద్రలేమి, మళ్లీ మళ్లీ గర్భస్రావాలు, గర్భిణి పరీక్షకు ఆలస్యంగా రావడం కూడా గుర్తులు కావచ్చు. ఎలుకల మందు "పొరపాటున" తాగామని వచ్చే స్త్రీల సంగతి ఇంకా ముఖ్యం. కడుపు కడిగి, సెలైన్ పెట్టి, పొరపాటు అని రాసి పంపేస్తే ఆ మనిషి తిరిగి అదే ఇంటికి, అదే సీసా దగ్గరికి వెళుతుంది. నా చిన్నప్పుడు సోలాపూర్‌లో "స్టవ్ పేలింది" అని తరచూ వినేవాళ్లం. అది ఎప్పుడూ కోడళ్ల మీదే ఎందుకు పేలిందో మా పెద్దవాళ్లెవరూ అడగగా వినలేదు.

ఆసుపత్రికి వచ్చిన ప్రతి స్త్రీనీ ఈ ప్రశ్న అడగాలా, గుర్తులు కనిపించినవాళ్లనే అడగాలా అన్న దాని మీద వైద్యుల్లో వాదం ఉంది. అమెరికాలో అక్కడి నిపుణుల మండలి 2018లో సంతాన వయసులో ఉన్న స్త్రీలందరినీ అడగమని సిఫారసు చేసింది. న్యూజెర్సీలో ఉన్న మా మేనల్లుడు భార్య నెల తప్పినప్పుడు ఆసుపత్రికి తీసుకెళితే నర్సు ఇతన్ని బయటికి పంపి ఆమెను "ఇంట్లో నీకు భయంగా ఏమైనా ఉందా?" అని అడిగిందట. "చూడు మామయ్యా, నేనేదో కొట్టేవాణ్ణి అన్నట్టు!" అని ఫోన్‌లో వాపోయాడు. ఆ అమ్మాయి ఫోన్ తీసుకుని, "నాకు బాగానే అనిపించింది మామయ్యగారూ. ఈ దేశం వచ్చాక నన్నొక్కదాన్నీ కూర్చోబెట్టి ఎలా ఉన్నావని అడిగింది ఆవిడే" అంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అందరినీ వరసగా అడగమని చెప్పలేదు. గుర్తులు కనిపించినప్పుడు, శిక్షణ పొందినవాళ్లు, ఒంటరిగా ఉన్నప్పుడు, సాయం చేసే చోటు చేతిలో ఉంచుకుని అడగమంది. బ్యాంకువాణ్ణి కాబట్టి నాకు ఇదే సబబుగా తోస్తుంది. మా కె.వై.సి. కాగితాల్లో "మీరు రాజకీయ పదవుల్లో ఉన్నవారికి బంధువులా?" అని ఒక గడి ఉంటుంది. ఇన్నేళ్లలో దానికి అవునన్న ఖాతాదారు నాకు ఒక్కరూ తగల్లేదు. క్లర్కు తలెత్తకుండా అడుగుతాడు, ఖాతాదారు తలెత్తకుండా కాదంటాడు. రద్దీగా ఉన్న మన ఆసుపత్రిలో, వెనక యాభై మంది నిలబడి ఉండగా, "మీ ఆయన కొడతాడా?" అన్న గడి నింపితే అన్నీ కాదనే వస్తాయి. రికార్డు మాత్రం శుభ్రంగా ఉంటుంది.

ఎలా అడగాలో ఆ సంస్థ 2014లో వైద్య సిబ్బందికి ఒక చేతిపుస్తకం కూడా తయారుచేసింది. ఓపికగా వినాలి, ఏం కావాలో అడగాలి, నీ మాట నమ్ముతున్నాను, తప్పు నీది కాదు అని చెప్పాలి, ప్రాణభద్రత చూడాలి, సాయానికి దారి చూపాలి. ప్రమాదం ఎంతో తెలుసుకోవడానికి కొన్ని ప్రశ్నలున్నాయి. ఈ ఆరు నెలల్లో కొట్టడం ఎక్కువైందా? ఆయుధం చూపి బెదిరించాడా? గొంతు పిసికాడా? నిన్ను చంపగలడని నీకు అనిపిస్తోందా? గర్భంతో ఉండగా కొట్టాడా? ఎప్పుడూ అనుమానంతో వేధిస్తాడా? వీటిలో మూడింటికి అవునంటే ఆ రాత్రి ఆమెను ఇంటికి పంపడం గురించి గట్టిగా ఆలోచించాలట. వెళ్లిపో అని గాని, సర్దుకుపో అని గాని చెప్పకూడదు. ఆమె ఏం చేయాలన్నది ఆమె తేల్చుకోవాలి.

అదే పుస్తకంలో మనలాంటివాళ్లు చదవవలసిన ముక్క ఒకటుంది. భాష తెలియని స్త్రీకి దుబాసీ కావలసి వస్తే భర్తను గాని, ఇంటివాళ్లను గాని పెట్టుకోవద్దంది. అత్తనూ ఆడబిడ్డనూ కూడా గదిలో ఉంచవద్దంది. రెండేళ్లు దాటిన పిల్లల ముందు సైతం అడగవద్దంది. భివండీలోనో, బరంపురంలోనో, హోసూరులోనో మన కోడలు ఆసుపత్రికి వెళితే ఎవరు మాట్లాడతారు? మనమే. ఆమె నొప్పి మన నోటితోనే డాక్టరుకు చేరుతుంది. మంచి ఇళ్లలో అది ఉపకారం. కొట్టే ఇంట్లో అదే నోటికి తాళం.

డాక్టరు రాసిన ఆ ఒక్క వాక్యం ఎంత దూరం వెళుతుందో ఓచర్లు చూసినవాడికి తెలుస్తుంది. మేము దాన్ని నేరేషన్ అంటాం. పదేళ్ల తరువాత తగాదా వస్తే ఎవరికీ ఏదీ గుర్తుండదు, ఓచరు మీద రాసిన నేరేషన్ ఒక్కటే మాట్లాడుతుంది. మూడు నర్సింగ్‌హోముల కాగితాల మీదా "బాత్‌రూంలో జారిపడింది" అని ఉంది. ఆమె రేపు కోర్టుకు వెళితే ఆ మూడు కాగితాలూ ఆమెకు ఎదురు సాక్ష్యం. నాలుగో కాగితం మీద మాత్రం ఆమె చెప్పిన మాట, ఎవరు, దేనితో, ఎక్కడ కొట్టారన్నది, తారీఖుతో సహా ఉంది. సంఘం పెద్దలు నన్ను పంపింది దాన్ని చెరిపించడానికే.

గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే 2005 చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. అందులో ఆసుపత్రుల బాధ్యత మీద 7వ సెక్షన్ ఉంది. బాధితురాలు గాని, ఆమె తరఫున రక్షణాధికారి గాని అడిగితే ఆసుపత్రి చికిత్స చేసి తీరాలి. ఘటన నివేదిక ముందుగా తెస్తేనే చూస్తాం అనడానికి వీల్లేదని నిబంధనలు చెబుతున్నాయి. ఆ నివేదిక లేకపోతే ఆసుపత్రి బాధ్యుడే దాన్ని నింపి రక్షణాధికారికి పంపాలి. వైద్య పరీక్ష నివేదిక ప్రతిని ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. చాలామంది డాక్టర్లకే ఈ సంగతి తెలియదు. అడిగి తీసుకోవాలి. ఈ చట్టం కింద ఆమె కోరగలిగినవి ముఖ్యంగా రక్షణ, ఉన్న ఇంట్లోనే ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు. భర్తను జైలుకు పంపడం మొదటి మెట్టు కాదు. అది మా పెద్దలకు తెలియదు. నాకూ తెలియదు.

ఇక అంకెలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భర్త చేతిలో ఎప్పుడైనా శారీరకంగానో లైంగికంగానో హింసకు గురైన వివాహితలు, 18 నుంచి 49 ఏళ్లవారిలో, దేశం మొత్తం మీద నూటికి 29 మంది. కర్ణాటకలో 44, తమిళనాడులో 38, తెలంగాణలో 37, ఒడిశాలో 31, ఆంధ్రప్రదేశ్‌లో 30, మహారాష్ట్రలో 25. మా మహారాష్ట్ర మేలని నేను సంబరపడటం లేదు. ఫిర్యాదుల పెట్టె ఖాళీగా ఉన్న శాఖలన్నీ మంచి శాఖలు కావని నా అనుభవం. కర్ణాటక అంకె 2015-16లో 21 మాత్రమే. అయిదేళ్లలో కొట్టడమే రెట్టింపు అయిందా, చెప్పడం పెరిగిందా? నాకు అన్నిటికన్నా బరువుగా తోచిన అంకె వేరే ఉంది. దెబ్బలు తిన్నవారిలో నూటికి 77 మంది ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. సాయం అడిగినవారు 14 మంది. అడిగినవాళ్లు కూడా ఎక్కువగా అడిగింది పుట్టింటివాళ్లనే. ఆసుపత్రిలో చెప్పినవారు బహు తక్కువ.

అవసరమున్నవాళ్ల కోసం రాస్తున్నాను. స్త్రీల సహాయానికి 181, తక్షణ ప్రమాదంలో 112 నంబర్లున్నాయి. 2015 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వం సఖి పేరుతో పెడుతూ వచ్చిన కేంద్రాలు చాలా జిల్లాల్లో ఉన్నాయి. వైద్యం, పోలీసు, న్యాయ సలహా, కొద్ది రోజుల బస ఒకేచోట దొరకాలన్నది వాటి ఉద్దేశం. కొన్ని బాగా నడుస్తున్నాయి, కొన్నిటి మీద బోర్డు మాత్రమే బాగుంటుంది. ఆసుపత్రికి వెళ్లినప్పుడు దుబాసీగా రాగల తెలుగు ఆడవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసి దగ్గరి ఆసుపత్రుల్లో ఇద్దామని మా సంఘం సమావేశంలో నేనొకసారి అన్నాను. "మనమే మనవాళ్ల ఇళ్లల్లో చిచ్చు పెట్టడమా?" అని ఒకరు లేచారు. మా శ్రీమతి, మరో నలుగురు ఆడవాళ్లు సమావేశంతో నిమిత్తం లేకుండా తమ నంబర్లు ఇచ్చి వచ్చారు. ఇప్పటికి ఆరేడుసార్లు పిలుపు వచ్చింది. ఎక్కువసార్లు అది కాన్పుకో, జ్వరానికో.

ఆ అమ్మాయి ఏం చేసింది అంటారా? మూడో రోజు ఇంటికే వెళ్లింది, ఆ భర్త దగ్గరికే. పోలీసు స్టేషన్‌లో ఎన్.సి. రాయించుకుంది, అంతకుమించి ముందుకు పోనంది. కౌన్సెలర్ ఆమెను ఒక మాట కూడా అనలేదు. మళ్లీ చెయ్యెత్తితే ఏ పక్కింటికి వెళ్లాలి, పిల్లలను ఎలా బయటికి తేవాలి, చేతిలో ఎంత డబ్బుండాలి అన్నవి కూర్చుని తేల్చుకున్నారు. భర్తను రెండుసార్లు పిలిపించి మాట్లాడారు. కొట్టడం ఆగిందనే ఆమె అంటుంది. నేను సగమే నమ్ముతున్నాను, మా శ్రీమతి ఆ మాత్రం కూడా నమ్మటం లేదు. చీరలకు ఫాల్ కుట్టి నెలనెలా కొంత సంపాదిస్తోంది. తన ఒక్కదాని పేరు మీద ఖాతా తెరిచింది, మా బ్యాంకులో కాదు. అది నేను చెప్పిన సలహాయే.

ఆసుపత్రి డిశ్చార్జి కార్డు, వైద్య నివేదిక ప్రతి, ఎన్.సి. కాగితం ఆమె తన ఇంట్లో ఉంచుకోలేదు. మా బీరువాలో, మా ఇంటి దస్తావేజుల కింద, ఒక ప్లాస్టిక్ కవరులో ఉన్నాయి. ఏటా బతుకమ్మకు వచ్చినప్పుడు ప్రసాదం తీసుకుని వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగుతుంది.

"ఉన్నయా అక్కా?"

"ఉన్నాయమ్మా" అంటుంది మా శ్రీమతి.